ఎవరి నాలుగున్నర?

మాగ్గా గ్లోబుని ఒళ్లో పెట్టుకుని, ఎర్ర రిబ్బన్ ఒక కొసని టోక్యో మీద బొటనవేలితో నొక్కి పట్టింది. రెండో కొస హెల్సింకి మీద పెట్టి బిగించి లాగింది. రిబ్బన్ సైబీరియా మీదుగా తిన్నగా పోయింది.

"ఏడువేల ఎనిమిది వందల కిలోమీటర్లు. తొమ్మిదిన్నర గంటల ప్రయాణం" అంది.

పిరితా టీచర్ తల అడ్డంగా ఊపింది. "ఆ దారి ఇప్పుడు లేదు. రష్యా ఆకాశం మన విమానాలకి మూసి ఉంది. ఇంకో దారి వెతుకు."

క్లాసులో పన్నెండు మంది. అందరూ గ్లోబు చుట్టూ మూగారు. మాగ్గా రిబ్బన్‌ని రష్యా మీంచి తప్పించింది. టోక్యో నుంచి సముద్రం మీదుగా పైకి. అలాస్కా పక్కనుంచి ఇంకా పైకి. పైకి, పైకి, భూగోళం నెత్తి మీదికి. ఉత్తర ధ్రువం దాటగానే రిబ్బన్ ఇటువైపు కిందికి జారింది. హెల్సింకికి చేరింది.

మాగ్గా తల తిప్పి గోడ మీది పటం వైపు చూసింది. ఆ పటంలో అయితే ఈ దారి గీయడమే కుదరదు. పైఅంచు దాటి గోడ మీదికి పోవాలి. మళ్లీ ఎక్కడినుంచో లోపలికి రావాలి.

"కొలిచి చూడు" అంది టీచర్.

దాదాపు పదకొండు వేల కిలోమీటర్లు. పదమూడు గంటలు. మాగ్గా ఇంకేదో చెప్పబోయి ఆగిపోయింది. ముక్కు గ్లోబుకి ఆనేంత దగ్గరగా వంగింది. ధ్రువం నుంచి హెల్సింకికి దిగే రిబ్బన్ కింద ఒక నది ఉంది. సన్నటి నీలం గీత. టేనో నది. అటు నార్వే, ఇటు ఫిన్లాండ్. ఆ గీత పక్కన, సరిగ్గా రిబ్బన్ కింద, వాళ్ల ఊరు.

"అత్త మన నెత్తి మీదనుంచే వస్తుంది" అంది మెల్లగా.



మాగ్గా మేనత్త పేరు ఇన్‌గెర్. మూడు నెలల కిందట టోక్యో వెళ్లింది. అక్కడి మ్యూజియంలో రెయిన్‌డీర్ తోలుతో ముక్కు వంపు తిరిగిన బూట్లు ఎలా కుడతారో నేర్పించడానికి. వచ్చే మంగళవారం తిరిగి వస్తోంది. ఆమె కూతురు రిస్తెన్‌కి ఎనిమిదేళ్లు. నదికి అవతల, నార్వే వైపు, నాన్న తరఫు తాత దగ్గర ఉంటోంది. అమ్మ ఫొటో దిండు కింద పెట్టుకుని పడుకుంటోందని ఊరంతటికీ తెలుసు.

విమానం ఇక్కడ ఆగదు. వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దక్షిణాన హెల్సింకిలో దిగుతుంది. అత్త అక్కడినుంచి మర్నాడు ఇంకో విమానం, ఆ తర్వాత బస్సు పట్టుకుని మళ్లీ ఇంత దూరమూ వెనక్కి రావాలి. కానీ ఆ రోజు రిస్తెన్ వాళ్లమ్మ, వాళ్ల ఇంటి మీదనుంచే వెళుతుంది.

దీపాలు పెడదాం అన్నది ఎవరో గుర్తులేదు. అందరూ ఒకేసారి అన్నట్టే ఉంది. గడ్డకట్టిన నది మీద నిలబడాలి. టార్చిలు, లాంతర్లు, పెద్దవాళ్లు మంచు మీద నడిపే స్నోమొబైళ్ల హెడ్‌లైట్లు, అన్నీ వెలిగించాలి. ధ్రువం దాటాక మన దేశంలో అత్తకి కనపడే మొదటి వెలుగు అదే అవుతుంది.

అయితే ఏ నిమిషానికి? పెన్సిల్‌తో తేల్చండి, ఫోన్‌తో తర్వాత సరిచూసుకుందాం అంది టీచర్.

మాగ్గా ఆ రాత్రి భోజనం కూడా మర్చిపోయి లెక్క వేసింది. విమానం టోక్యోలో మధ్యాహ్నం పన్నెండుకి బయలుదేరుతుంది. అప్పుడు ఇక్కడ తెల్లవారుజామున అయిదు. పదమూడు గంటలు కలిపితే సాయంత్రం ఆరు. పన్నెండుకి ఎక్కి, పదమూడు గంటలు ఎగిరి, అదే రోజు ఆరుకి దిగడం. తమాషాగా ఉంది. సూర్యుడితో పందెం కాసినట్టు ఉంది. విమానం గంటకి ఎనిమిది వందల యాభై కిలోమీటర్లు పోతుంది. దిగేటప్పుడు నెమ్మదిస్తుంది. అంటే హెల్సింకిలో దిగడానికి గంటా పాతిక నిమిషాల ముందు ఊరి మీద ఉంటుంది.

నాలుగూ ముప్పై అయిదు.

టీచర్ సరిచూసి, ఒక్క నిమిషం కూడా మార్చలేదు. ఆ రోజు నుంచి మాగ్గా నడక మారింది.

"పెద్ద దీపం నేను పట్టుకుంటా. లెక్క నాది కాబట్టి దీపం నాదే" అంది.

పెద్ద దీపం నానమ్మది. రెయిన్‌డీర్ల మందని చీకట్లో వెతకడానికి వాడేది. వెలిగిస్తే అవతలి కొండ మీది బిర్చ్ చెట్లు లెక్కపెట్టవచ్చు.

"మరి రిస్తెన్?" అన్నాడు నీలస్. క్లాసులో మాగ్గాకి ఎదురు మాట్లాడేది వాడొక్కడే.

"నా పక్కన నిలబడుతుంది" అంది మాగ్గా.

శనివారం మాగ్గా రెండు ఒడ్లనీ కలిపే వంతెన మీదికి వెళ్లింది. రిస్తెన్ అప్పటికే వచ్చి రెయిలింగ్ పట్టుకుని వేలాడుతోంది. మాగ్గా మొత్తం చెప్పింది. రిబ్బన్ సంగతి, ధ్రువం సంగతి, పన్నెండుకి ఎక్కి ఆరుకి దిగే సంగతి. రిస్తెన్ నోరు తెరుచుకుని వింది.

"మంగళవారం నాలుగున్నరకల్లా నది మీద ఉండు. అయిదు నిమిషాల్లో వస్తుంది."

"నాలుగున్నరకా? అంటే మా..."

"అంటే గింటే లేదు. లెక్క నేను వేశాను, టీచర్ సరిచూసింది. నాలుగున్నర అంటే నాలుగున్నరే" అంది మాగ్గా.

రిస్తెన్ నోరు మూసుకుంది. తల ఊపింది.

మంగళవారం మధ్యాహ్నం. అంత ఉత్తరాన సూర్యుడు రెండు వారాల కిందటే చలికాలం సెలవు తీసుకున్నాడు. ఇక జనవరిలోనే రావడం. మధ్యాహ్నం పూట కాసేపు నీలంగా వెలుతురు వచ్చి పోయింది. నాలుగు అయ్యేసరికి కటిక చీకటి. మబ్బు లేదు. ఆకాశంలో ధ్రువకాంతుల పచ్చ వెలుగుల ఆట కూడా లేదు. చుక్కలే. చలికి ముక్కులోని వెంట్రుకలు గడ్డకడుతున్నాయి.

నది మీద మంచు గజం మందం ఉంది. పిల్లలు వరసగా నిలబడ్డారు. నాలుగు స్నోమొబైళ్లు, వాటి ముక్కులు మంచు దిబ్బల మీదికి ఎక్కించి, లైట్లు ఆకాశంలోకి. నానమ్మ తన బండి మీద కూర్చుని ఫ్లాస్కులోంచి కాఫీ తాగుతోంది. టోక్యోలో విమానం ఎక్కేముందు అత్త ఫోన్ చేసి, దీపాల కోసం చూస్తుంటానని, కిటికీ పక్క సీటు దొరికిందని ఆవిడకే చెప్పింది.

టీచర్ ఫోన్‌లో విమానం గుర్తు కదులుతోంది. చుట్టూ నీలం తప్ప ఏమీ లేదు. దాని వెనక ధ్రువం. దాని ముందు సముద్రం, ఆ తర్వాత నార్వే తీరం, ఆ తర్వాత వీళ్లు.

"స్వాల్‌బార్డ్ దీవులు దాటి చాలాసేపయింది. ఇంకో ఇరవై నిమిషాలు" అంది టీచర్. "మాగ్గా, నీ లెక్క గడియారంలా ఉంది."

మాగ్గా పెద్ద దీపాన్ని గుండెకి హత్తుకుంది. వరసని ఒకసారి కళ్లతో లెక్కపెట్టింది. ఒకరు తక్కువ.

"రిస్తెన్ ఇంకా రాలేదేం?" అన్నాడు నీలస్.

"వస్తుంది. నాలుగున్నరకి రమ్మన్నాగా."

నానమ్మ కప్పు కిందికి దించింది.

"ఎవరి నాలుగున్నర?"

మాగ్గా గిరుక్కున అవతలి ఒడ్డు వైపు తిరిగింది. 

నానమ్మ ఇంట్లో గోడకి రెండు గడియారాలు ఉంటాయి. ఒకటి ఇటుది, ఒకటి అటుది. వంతెన దాటితే గంట వెనక్కి పోతుంది. ఆ ఊళ్లో కొత్త సంవత్సరం రెండుసార్లు వస్తుంది. ముందు ఇటు కేకు తిని, గంట ఆగి అటు వెళ్లి మళ్లీ తింటారు. నానమ్మ ఎప్పుడు టైము చెప్పినా "మన రెండింటికి", "అవతలి ఎనిమిదింటికి" అంటుంది. ఆ "మన", "అవతలి" వినీ వినీ మాగ్గాకి విసుగు. ఆ మాటలు ముసలివాళ్లకే అవసరం అనుకునేది.

టోక్యోకీ ఇక్కడికీ ఏడు గంటల తేడా. దాన్ని మాగ్గా తప్పులేకుండా లెక్కవేసింది. వంతెనకి అటూ ఇటూ ఒక్క గంట. దాన్ని మర్చిపోయింది.

అవతలి ఒడ్డున రిస్తెన్ వాళ్లింటి కిటికీ పసుపుగా వెలుగుతోంది. అక్కడ ఇప్పుడు మూడుంపావు. రిస్తెన్ లెక్కలో ఇంకా గంటకి పైగా ఉంది. ఆ గంట గడిచాక ఆ పిల్ల మంచి బట్టలు వేసుకుని నది మీదికి వస్తుంది. అప్పటికి ఆకాశంలో ఏమీ ఉండదు.

"ఫోన్ చెయ్యండి టీచర్" అంది మాగ్గా.

టీచర్ అప్పటికే చేస్తోంది. అవతల మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. ఈ వేళకి ఆ ముసలాయన రిస్తెన్‌ని వెంటేసుకుని దొడ్డి వెనక రెయిన్‌డీర్లకి మేత వేస్తుంటాడని నానమ్మ చెప్పింది. చెబుతూనే కప్పు విసిరేసి బండి స్టార్ట్ చేసింది.

"ఎక్కు."

"నేనా?"

"తప్పు చెప్పింది ఎవరు? సరిగ్గా చెప్పాల్సిందీ వాళ్లే. ఎక్కు."

మాగ్గా దీపంతో సహా వెనక ఎక్కి నానమ్మ నడుము పట్టుకుంది. వంతెన చాలా ఎగువన ఉంది, చుట్టు తిరిగే టైము లేదు. నదికి అడ్డంగా, మంచు గట్టిగా ఉన్నచోట బిర్చ్ కొమ్మలు గుచ్చి గుర్తు పెట్టిన బాట ఉంది. నానమ్మకి డెబ్బై రెండేళ్లు. ఆ సంగతి బండికి తెలిసినట్టు లేదు. కొమ్మలు ఒకదాని వెనక ఒకటి సర్రుమని వెనక్కి పోయాయి. మంచు పొడి మొహాన కొట్టింది. మాగ్గా కళ్లు మూసుకోలేదు. ఉత్తరం వైపే చూస్తోంది. ఇంకా ఏమీ లేదు. ఇంకా ఏమీ లేదు.

బండి ఒడ్డు ఎక్కి దొడ్డి ముందు ఆగింది. రిస్తెన్ తాత పాత కోటు వేసుకుని ఉంది. అది మోకాళ్ల కిందికి దిగింది. చేతుల నిండా నాచు మేత. ఒక రెయిన్‌డీర్ ఆమె టోపీ నాకుతోంది.

మాగ్గా దారంతా ఏవేవో మాటలు పేర్చుకుంది. ఫోన్‌లో ఏదో తేడా, టీచర్ ఏదో మార్చింది. రిస్తెన్ మొహం చూడగానే అవన్నీ రాలిపోయాయి.

"తప్పు నాది. నేను చెప్పింది మా నాలుగున్నర. విమానం ఇప్పుడే వస్తోంది. రా."

రిస్తెన్ చేతుల్లోని మేత కింద పడింది.

"నేను అడగబోయాను కదా" అంది. కోపంగా కాదు. ఉన్న విషయం చెప్పినట్టు.

"అవును. నేనే అడగనివ్వలేదు."

అంతకన్నా మాట్లాడే టైము లేదు. నానమ్మ మనవరాలిని చంకలో గొర్రెపిల్లని ఎత్తినట్టు ఎత్తి బండి మీద కూర్చోబెట్టింది. దొడ్డి చివరనుంచి తాత ఏమిటేమిటని కేకేశాడు. "నీ కోడలు వస్తోంది, పైకి చూడు" అని అరిచి నానమ్మ బండి తిప్పింది.

నది సగం దాటారో లేదో, ఉత్తరం కొండ మీద ఒక చుక్క లేచింది.

మిగతా చుక్కలు కదలడం లేదు. ఇది కదులుతోంది.

నానమ్మ బండి ఆపింది. "అక్కడిదాకా పోలేం. ఇక్కడే."

నది నడిమధ్య అది. కంటికి ఏ గీతా కనిపించదు గాని అక్కడే రెండు దేశాల సరిహద్దు. ఒక కాలు అటు పెడితే మూడున్నర, ఒక కాలు ఇటు పెడితే నాలుగున్నర. దిగువన మిగతా పిల్లల దీపాలు గుంపుగా వెలుగుతున్నాయి. ఇక్కడ వీళ్లు ముగ్గురే.

మాగ్గా చేతిలో పెద్ద దీపం ఉంది. వారం రోజులుగా ఈ నిమిషం కోసమే చూసింది. అద్దం ముందు నిలబడి ఎలా ఎత్తాలో అభ్యాసం కూడా చేసింది.

దీపం రిస్తెన్ చేతిలో పెట్టింది. అది ఆ పిల్లకి బరువు. మాగ్గా ఆమె వెనక మోకాళ్ల మీద కూర్చుని మోచేతుల కింద తన చేతులు ఆనించింది.

"మీట నొక్కు."

వెలుగు స్తంభంలా లేచింది. అందులో మంచు రేణువులు తళతళ మెరుస్తూ పైకి పోతున్నట్టు కనిపించాయి.

విమానం చప్పుడు లేకుండా వస్తోంది. తెల్ల దీపం, దాని పక్కన ఎర్రది ఆరుతూ వెలుగుతూ. అంత పైన, అంత చిన్నగా. మాగ్గా లెక్కలో అది ఒక అంకె. గ్లోబు మీద ఒక రిబ్బన్. ఇప్పుడు అందులో మనుషులున్నారని తట్టి ఒళ్లు జల్లుమంది. పొద్దున్న టోక్యోలో బూట్లు తొడుక్కున్న మనుషులు. వాళ్లు భూగోళం నెత్తి మీదనుంచి దాటి వచ్చారు. కొందరు నిద్రపోతూ ఉంటారు. ఒకరు మాత్రం కిటికీకి నుదురు ఆనించి ఉంటారు.

రిస్తెన్ దీపాన్ని అటూ ఇటూ ఊపుతోంది. చేతులు నొప్పి పుట్టి వణుకుతున్నాయి. మాగ్గా కింద నుంచి గట్టిగా పట్టుకుంది.

విమానం సరిగ్గా నెత్తి మీదికి వచ్చింది. అది దాటిపోయాక గాని చప్పుడు వినపడలేదు. ఎక్కడో ఆకాశం లోపల బరువైనదేదో దొర్లినట్టు. ఆ చప్పుడు విమానం ఉన్నచోటునుంచి కాకుండా, అది ఇందాక ఉన్నచోటునుంచి వచ్చింది.

ముగ్గురూ మెడలు వెనక్కి వాల్చి, అది దక్షిణం కొండ వెనక్కి దిగేదాకా చూశారు.

"అమ్మకి మనం కనిపించామా?" అంది రిస్తెన్.

మాగ్గా ఆ రోజుకి ముందు అయితే కనిపించాం అని ఖాయంగా చెప్పేసేది.

"నాకు తెలీదు. రేపు అడుగుదాం" అంది.

ఒడ్డుకి వెళ్లాక నీలస్ ఊరుకోలేదు. "టోక్యోలో టైమెంతో చెప్తుంది, నదవతల టైము మాత్రం అడక్కండి" అన్నాడు. అందరూ నవ్వారు. మాగ్గా చెవులు చలిలోనూ వేడెక్కాయి. అయినా "నిజమే" అంది. దాంతో నీలస్‌కి ఇంకేం అనాలో తోచలేదు. తన దగ్గరున్న చాక్లెట్ సగం విరిచి ఇచ్చాడు.

మర్నాడు సాయంత్రం ఇన్‌గెర్ అత్త బస్సు దిగింది. రిస్తెన్ ఆమెని పట్టుకుని, నానమ్మ ఇంటికి వచ్చేదాకా వదల్లేదు. తాత కూడా వంతెన దాటి వచ్చాడు. బల్ల మీద కాఫీ, రెయిన్‌డీర్ మాంసం పులుసు, టోక్యో నుంచి తెచ్చిన బీన్స్ మిఠాయిలు. తాత ఒక మిఠాయి కొరికి, చాలాసేపు నమిలి, బాగుందని మాత్రం అనలేదు.

ఎవరూ అడగకముందే అత్త చెప్పడం మొదలుపెట్టింది.

"ధ్రువం దగ్గర్నుంచి నేను నిద్రపోలేదు. కింద గంటల తరబడి ఏమీ లేదు. భూమి ఉందో లేదో తెలియనంత నలుపు. తీరం దాటాక నది వంపు దగ్గర నలుసంత వెలుగు. అదే మీరని పట్టేశాను. అయితే పక్కనే, విడిగా, నది మధ్యలో ఇంకోటి. అది ఊగుతోంది. అందరూ ఒకచోట ఉంటే ఆ ఒక్కటీ అక్కడెందుకుందా అనుకున్నాను."

"అది నేను" అంది రిస్తెన్.

 నానమ్మ పొయ్యి వైపు తిరిగి, అక్కర్లేకపోయినా పులుసు కలిపింది.

"అంత నలుపులో నా పిల్ల" అంది అత్త. రిస్తెన్ నెత్తి మీద గడ్డం ఆనించింది. "కానీ అక్కడెందుకున్నావు?"

రిస్తెన్ మాగ్గా వైపు చూసింది. మాగ్గాయే చెప్పింది. వంతెన మీద తను మాట మధ్యలో తుంచేసిన దగ్గర్నుంచి దొడ్డిలో మేత కింద పడిన దాకా, ఒక్కటీ దాచలేదు. అత్త చివరిదాకా విని, ఇంకో మిఠాయి ఆమె ముందుకి జరిపింది.

బయట చలికి దూలాలు చిటపటమంటున్నాయి. అత్త చేతి వాచీ తీసి బల్ల మీద పెట్టింది.

"దీంట్లో ఇంకా టోక్యోనే నడుస్తోంది. అక్కడ అర్ధరాత్రి దాటింది. మాగ్గా, లెక్కల్లో నువ్వేగా మొనగత్తెవి. టైమెంతయింది? సరిచేసుకుంటాను."

మాగ్గా గోడ వైపు చూసింది. రెండు గడియారాలూ పక్కపక్కనే టిక్కుటిక్కుమంటున్నాయి. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. ఆగింది.

"ఎవరి గంట కావాలత్తా?"

అత్త ఒళ్లోని పిల్ల వైపు చూసి నవ్వింది.

"రిస్తెన్ గంట."

"అయితే అవతలి అయిదుంపావు" అంది మాగ్గా. వాచీ అందుకుని, ముల్లు సరిగ్గా అక్కడికి తిప్పి, రిస్తెన్ చేతికిచ్చింది. "నువ్వు కూడా ఒకసారి చూడు. తప్పుంటే చెప్పు."